స్వీట్ పీ తీగలకి ఏ ఊతం కట్టాలి? బొంగులు పాతినా ఎక్కట్లేదు

మొలకమ్మ
స్వీట్ పీ పూల తీగ పెంచడం ఇదే మొదటిసారి. గింజలు మొలిచి ఏడు వారాలైంది. మొక్కలు జానెడు దాటి మూరకి దగ్గరపడ్డాయి. మొత్తం పద్నాలుగు. ఆరడుగుల వెదురు బొంగులు ఐదు గుండ్రంగా పాతి, పైన కొసలన్నీ కలిపి కట్టాను. ఒక్కో బొంగు నా బొటనవేలి కంటే లావు. ఎంత గాలి వీచినా కదలవు. మొక్కలు మాత్రం వాటి వంకే చూడట్లేదు. బొంగు పక్కనే నిలబడి, ఒకదాన్నొకటి కావిలించుకుని నేల మీద పడుతున్నాయి. సాయంత్రం లేపి బొంగుకి ఆనిస్తాను, పొద్దున్నకి మళ్ళీ కిందే. విత్తనాల కవరు మీద "ఊతం ఇవ్వాలి" అని రాసి ఊరుకున్నారు. ఇంతకంటే గట్టి ఊతం ఏముంటుంది? ఇనుప పైపులు పాతమంటారా?

కుండీలరాజు
పైపులు పాతి కరెంటు కూడా ఇచ్చేయండి, వీధి దీపానికి పనికొస్తాయి.

పాతగునపం
ఆగండి రాజుగారూ, ఆవిడ టెన్షన్‌లో ఉంటే మీకు జోకులు. మొలకమ్మగారూ, లోపం బలంలో లేదు, లావులో ఉంది. ఒక్క ఆకు తీసుకుని చివర చూడండి. దారప్పోగుల్లాంటివి రెండు మూడు చీలికలుగా వచ్చుంటాయి. వాటిని నులితీగలంటాం. ఈ మొక్కకి చేతులు అవే. పెన్సిల్ లావు లోపు ఏది దొరికినా చుట్టేస్తాయి. అంతకంటే లావైతే చుట్టూ తిరిగి రావడానికి పొడవు చాలదు, పైగా వెదురు నున్నగా జారుతుంది. మర్రిమానుని చిటికెన వేలితో పట్టుకో అన్నట్టుంది మీ మొక్కల పరిస్థితి. పక్కవాడి కాడ సన్నంగా ఉంది కాబట్టి దాన్ని పట్టుకున్నాయి.

మొలకమ్మ
అయ్యో. మరి మా చిక్కుడు ఇవే బొంగులు పట్టుకుని ఎక్కేసిందే! అది చూసే ఇవి పాతాను.

తీగలాగితే
అక్కడే అందరూ పొరబడతారు. చిక్కుడుకి నులితీగలుండవు, కాండమే గుంజ చుట్టూ మెలి తిరుగుతూ పోతుంది. దానికి బొటనవేలంత గుంజైనా ఫర్వాలేదు. స్వీట్ పీ కాండం మెలి తిరగదు, నిటారుగా పెరుగుతూ ఆకు చివర నులితీగతో పట్టు దొరకబుచ్చుకుంటుంది. డార్విన్ 1865లో ఎగబాకే మొక్కల మీద పెద్ద పరిశోధనా పత్రమే రాశాడు, అందులో మెలి తిరిగేవి వేరు, నులితీగలవి వేరు అని విడదీసే మొదలుపెట్టాడు. నులితీగ దేనికైనా తగిలితే, తగిలిన వైపు పెరుగుదల నెమ్మదిస్తుంది, అవతలి వైపు సాగుతుంది. అందుకే ఒంపు తిరిగి చుట్టుకుంటుంది. లేతగా ఉన్నప్పుడే ఈ స్పర్శ. ముదిరాక దారం చేతికిచ్చినా పట్టుకోదు.

కుండీలరాజు
పేరు తీగలాగితే, లాగితే డార్విన్ వచ్చాడు.

నీళ్ళుపోశానా
ఇంత చర్చ ఎందుకు? నైలాన్ వల తెచ్చి రెండు గుంజలకి బిగించండి, పని అయిపోతుంది. నేను నాలుగేళ్ళుగా ఇదే చేస్తున్నా. ఒక్క తీగని కూడా ముట్టుకోను, వాటంతట అవే ఎక్కుతాయి. అరగంట పని.

పురికొస_బాబాయి
కట్టడం అరగంటే బాబూ, విప్పడం సంగతి చెప్పు! సీజన్ అయ్యాక ఎండిన తీగ ఒక్కో కన్నులోనూ నాలుగేసి ముళ్ళు వేసుకుని కూర్చుంటుంది. నులితీగ ఎండితే పుల్లలా గట్టిపడుతుంది, లాగితే వల చిరుగుతుంది కానీ అది వదలదు. ఒక ఆదివారం మొత్తం కత్తెరతో కూర్చున్నాను. చివరికి వలా తీగా కలిపి చుట్టి పారేశా. నైలాన్ ఉంది కాబట్టి ఎరువు గుంతలో కూడా వేయలేం. ఇంకోటి, ఖాళీ వలలో ఒకరోజు చిన్న పిట్ట కాలు చిక్కుకుని గిలగిల్లాడుతోంది. అదృష్టం కొద్దీ నేను చూశా. ఆ రోజుతో వలకి దండం పెట్టేశాను.

ఇప్పుడు జనపనార పురికొస ఒక్కటే. నిలువుగా తాళ్ళు దించుతా, అడ్డంగా బెత్తెడుకొకటి చుడతా. గరుకుగా ఉంటుంది కాబట్టి నులితీగ జారదు. సీజన్ అయ్యాక పై ముడి ఒక్కటి కోస్తే తాడూ తీగా అన్నీ ఒకే మోపుగా కింద పడతాయి. అలాగే ఎత్తి ఎరువు గుంతలో వేయడమే.

నీళ్ళుపోశానా
బాబాయిగారూ, విప్పే పని నేనెప్పుడూ చేయలేదు. మా ఆవిడ చేస్తుంది.

అర్ధరాత్రి_తోటమాలి
ఇప్పుడర్థమైంది అరగంట రహస్యం.

రేకులడబ్బా
పురికొస మీద నాకో పాత బాకీ ఉంది. కిందటేడు బాబాయిగారి లాగే మొత్తం దాంతోనే కట్టాను. తీగలు నా తల దాటాయి, మంచి పూత మీదున్నాయి. రెండు రోజులు వదలకుండా వాన పడింది. మూడో రోజు పొద్దున్న చూస్తే అంతా నేల మీద పరుపులా పరుచుకుని ఉంది. నార తడిసి మట్టిలో ఆనిన చోట కుళ్ళిపోయింది, పైన మేకు దగ్గర ఒరుసుకుని తెగింది. తడిసిన తీగ బరువు మనం అనుకునే దానికి మూడింతలుంటుంది. లేపి కట్టాను కానీ కాడలు నాలుగైదు చోట్ల విరిగాయి. పైగా మునుపు పట్టుకున్న నులితీగలు ముదిరిపోయాయి కదా, మళ్ళీ పట్టుకోలేదు. అడుగడుక్కీ నేనే దారంతో కట్టాల్సి వచ్చింది.

పురికొస_బాబాయి
తాడు కొసని మట్టిలో పాతితే కుళ్ళక ఏం చేస్తుంది? కింద ఒక మేకో కొయ్యో దిగ్గొట్టి నేలకి నాలుగు వేళ్ళ పైన ముడి వేయాలి. పై భాగానికి సన్న పోగు కాదు, మూడు పేటల పురికొస వాడాలి. తప్పు తాడుది కాదు.

రేకులడబ్బా
తప్పు నాదే, ఒప్పుకుంటా. కానీ ఇప్పుడు బరువంతా మోసే పై అడ్డం మాత్రం తాడుతో కట్టట్లేదు, ఇనుప తీగ లాగుతున్నా. కిందికి వేలాడేవే పురికొసలు. నా ఉద్దేశంలో ఊతంలో రెండు పనులున్నాయి, ఒకటి బరువు మోయడం, ఇంకోటి పట్టు ఇవ్వడం. రెండూ ఒకే వస్తువుతో చేయించబోయి మొలకమ్మగారు ఒక రకంగా, నేను ఒక రకంగా దెబ్బతిన్నాం. ఆవిడది మోస్తుంది కానీ పట్టివ్వదు, నాది పట్టిచ్చింది కానీ మోయలేకపోయింది.

పాతగునపం
డబ్బాగారు చెప్పింది నూటికి నూరుపాళ్ళు. మొలకమ్మగారూ, మీ బొంగులు పీకకండి. వేళ్ళ పక్కనే ఉన్నాయి, ఇప్పుడు కదిలిస్తే వేళ్ళు తెగుతాయి. దీని వేరు లోతుగా దిగుతుంది, కెలికితే అలుగుతుంది. అసలు గింజ వేయకముందే ఊతం పాతుకోవాలి, అది వచ్చే ఏడాదికి గుర్తుపెట్టుకోండి. ఇప్పటికి బొంగుల చుట్టూ కింది నుంచి పురికొస చుట్టుకుంటూ పొండి. నేల నుంచి బెత్తెడు ఎత్తులో మొదటి చుట్టు, ఆపైన బెత్తెడుకొకటి. ప్రతి బొంగు దగ్గరా ఒక మెలిక వేస్తే కిందికి జారదు. బొంగుకీ బొంగుకీ మధ్య ఖాళీలో ఒకటో రెండో నిలువు తాళ్ళు. బొంగులు మోస్తాయి, తాళ్ళు పట్టిస్తాయి.

తీగలాగితే
బొంగులు ఆరడుగులన్నారు. భూమిలో ఎంత దిగాయి?

మొలకమ్మ
అడుగున్నర దించాను. గాలికి పడకూడదని.

తీగలాగితే
అంటే పైన మిగిలింది నాలుగున్నర. అందులోనూ వాలుగా కట్టారు కాబట్టి ఇంకాస్త తక్కువ. పొడుగు రకాలు ఆరు నుంచి ఎనిమిది అడుగులు పోతాయి. నెల తిరక్కుండా కొసకి చేరి, పైన పట్టు దొరక్క తలకిందులుగా వేలాడతాయి. దించడం మాత్రం సరిగ్గానే దించారు, అడుగు కంటే తక్కువైతే పూత సమయంలో ఆ ఆకుల గోడ తెరచాపలా గాలిని పట్టి మొత్తం ఊతాన్నే పెకిలిస్తుంది.

అర్ధరాత్రి_తోటమాలి
ఎత్తు మరీ పెంచకండి కూడా. నేను ఐదడుగుల మనిషిని. తొమ్మిదడుగుల ఊతం కట్టి గొప్పగా పెంచాను. సగం పూలు ఆకాశానికి పూశాయి. నిచ్చెన వేసుకుని కోయడానికి బద్ధకించాను. పైన పూలు వాడి కాయలు కట్టాయి, అంతే, కింద కూడా పూత ఆగిపోయింది. ఈ మొక్క గింజ పట్టగానే తన పని అయిపోయిందనుకుంటుంది. రెండు రోజులకోసారి పూలు కోస్తూ ఉంటేనే కొత్తవి వస్తాయి. అందుకని ఊతం ఎత్తు మొక్కని బట్టి కాదు, మీ చెయ్యి అందేదాన్ని బట్టి చూసుకోండి. అంతకంటే పైకి పోయిన కొసల్ని వంచి పక్కకి మళ్ళించొచ్చు.

మొలకమ్మ
ఇది ఎవరూ చెప్పలేదు! కోయకపోతే ఎక్కువ రోజులు మొక్కకే ఉంటాయి కదా అనుకున్నా.

నీళ్ళుపోశానా
కోసే మాట వచ్చింది కాబట్టి, గోడకి ఆనించి జాలీ బిగించేవాళ్ళు జాగ్రత్త. వెనక వైపు పూసినవి చేతికి రావు. గోడకీ జాలీకీ మధ్య కనీసం బెత్తెడు సందు ఉంచండి. కన్ను కూడా చెయ్యి దూరేంత ఉండాలి. చిన్న కన్ను జాలీలో చెయ్యి పెట్టి తీసేటప్పుడు పువ్వు తల తెగి చేతికి కాడ ఒక్కటే వస్తుంది. వల గురించి నన్ను ఎంత తిట్టినా ఈ ముక్క మాత్రం నిజం.

కుండీలరాజు
ఇనుప జాలీ ఎండకి కాలి నులితీగలు మాడిపోతాయంటారు, నిజమేనా?

రేకులడబ్బా
మధ్యాహ్నం ఎండ తిన్నగా పడే గోడ మీద ఐతే లేత కొసలు వాడటం నేనూ చూశాను. కానీ అక్కడ జాలీ ఒక్కటే కాదు, గోడ సెగ కూడా ఉంటుంది. అసలు ఇది చల్లదనం కోరే మొక్క, అలాంటి గోడ దగ్గర ఏ ఊతం కట్టినా తొందరగా అలిసిపోతుంది. ఊతం ఎన్నుకునే ముందు చోటు ఎన్నుకోవాలి. వేళ్ళ దగ్గర నీడ, తలకి ఎండ, మధ్యలో గాలి ఆడాలి.

పురికొస_బాబాయి
గాలి ఆడటం అంటే గుర్తొచ్చింది. మొలకమ్మా, నీ గుడిసె ఆకారంతో ఇంకో చిక్కుంది. ఐదు బొంగులూ పైన ఒకే చోట కలిశాయి కదా. పద్నాలుగు తీగలూ ఆ కొస దగ్గరికి వచ్చి గుంపు కడతాయి. పండక్కి బస్సెక్కినట్టు. లోపల గాలి ఆడక ఆకుల మీద తెల్ల బూడిద తెగులు పడుతుంది. కొసలు కలపకుండా పైన ఒక గుండ్రటి రింగు పెట్టి దానికి కట్టి ఉంటే పైన కూడా చోటుండేది.

అర్ధరాత్రి_తోటమాలి
రింగు అంటే నా దగ్గరున్నది చెప్తా, నవ్వకండి. పాత సైకిల్ చక్రం. టైరు, ఊచలు తీసేసిన రిమ్ము. నడుమ ఒక లావు గుంజ పాతి, రిమ్ముని నాలుగు ఇనుప తీగలతో గుంజ కొసకి వేలాడదీశాను. రిమ్ముకి ముప్ఫై ఆరు బెజ్జాలున్నాయి. ఒకటి వదిలి ఒకటి చొప్పున పద్దెనిమిది పురికొసలు దించి, కింద అంతే వెడల్పు వలయంలో కొయ్యలకి కట్టాను. పైనా కిందా ఒకటే వెడల్పు కాబట్టి గుంపు కట్టవు. నడుమ ఖాళీ ఉంది కాబట్టి గాలి ఆడుతుంది. తాడుకొక మొక్క, తాడుకీ తాడుకీ జానెడు లోపు.

కుండీలరాజు
నవ్వట్లేదు. మా మేడ మీద పడున్న సైకిల్ వైపు అదోలా చూస్తున్నాను. మా అబ్బాయి ఇంకా తొక్కుతున్నాడు, అదే అడ్డం.

దారప్పోగు
ఈ చర్చ పొద్దున్నించీ చదువుతున్నా, ఒక్కరూ ఎండు కొమ్మల మాట ఎత్తలేదేంటి! తోటలో కత్తిరించిన కొమ్మలుంటాయి కదా, బాగా చీలికలున్నవి, కొసలు సన్నగా పుల్లల్లా ఉన్నవి. వాటిని మొక్కల మధ్య గుచ్చండి. తాడు, ముడి, మేకు ఏవీ అక్కర్లేదు. నులితీగకి ఎటు చెయ్యి చాపినా పుల్ల తగులుతుంది. మొక్క చిన్నగా ఉన్నప్పుడు తాళ్ళ కంటే ఇవే నయం, మొదటి మెట్టు వీటి మీదే వేస్తుంది. నేను మూరెడు పుల్లలు మొదట్లో గుచ్చి, వెనక పురికొసలు కడతాను. పుల్లలెక్కి అక్కణ్ణించి తాళ్ళ మీదకి మారతాయి. పచ్చి కొమ్మలు గుచ్చకండి, కొన్ని వేళ్ళూని చిగురిస్తాయి. నాకొకసారి స్వీట్ పీ కంటే ఊతమే బాగా పెరిగింది.

పాతగునపం
మంచి మాట. మొలకమ్మగారికి ఇప్పుడు సరిగ్గా కావలసింది ఇదే. నేల మీద పడి ఉన్నవాటికి తాళ్ళ దాకా అందడం కష్టం.

దారప్పోగు
ఒకదాన్నొకటి పట్టుకున్నవాటిని చేత్తో లాగి విడదీయకండి. చిన్న కత్తెరతో నులితీగ ఒక్కటే కత్తిరించండి. కాడ విరగడం కంటే పట్టు తెగడం నయం, కొత్త ఆకుతో కొత్త పట్టు వస్తుంది. లేపిన కాడని పుల్లకి వదులుగా కట్టండి, మధ్యలో ఒక మెలిక పెట్టి ఎనిమిది అంకెలా. బిగిస్తే లావెక్కే కొద్దీ కోసుకుపోతుంది.

పోటీపూలు
నులితీగల్ని కాపాడటానికి ఇంత తాపత్రయం చూస్తే నాకు నవ్వొస్తోంది. నేను అన్నీ కత్తిరించేస్తాను.

కుండీలరాజు
పాపం శమించుగాక.

పోటీపూలు
కారణం విన్నాక తిట్టండి. ప్రదర్శనలకి పెంచేవాళ్ళు ఒంటి కాడ పద్ధతి పాటిస్తారు. మొక్కకొక సన్న బొంగు. పక్క కొమ్మలన్నీ తుంచేసి ఒక్క కాడనే ఉంచుతాం. నులితీగలు కనబడగానే తీసేస్తాం, ఎందుకంటే వాటికి పూ కాడకీ పుల్లకీ తేడా తెలీదు, పూ కాడని చుట్టి వంకర చేసేస్తాయి. చేతులు కోసేశాం కాబట్టి ప్రతి కణుపు దగ్గరా మనమే రింగుతోనో నారతోనో కట్టాలి. బలమంతా ఒక్క కాడకే పోయి పూ కాడలు మూర పొడవు వస్తాయి, పూలు పెద్దవి. కొసకి చేరాక కాడ మొత్తం విప్పి, నేల మీద వరస వెంట పడుకోబెట్టి, కొస మాత్రం నాలుగైదు బొంగుల అవతల కొత్త బొంగుకి ఎక్కిస్తాం. మళ్ళీ కింది నుంచి మొదలు.

1901లో సైలస్ కోల్ అనే తోటమాలి 'కౌంటెస్ స్పెన్సర్' అనే అలల రేకుల రకం చూపించాక జనానికి పెద్ద పూల పిచ్చి పట్టింది. ఇంత చాకిరీ ఆ రకాలకి తగ్గట్టే. ఈ పద్ధతిలో మొలకమ్మగారి బొంగులు లావైనా చెల్లుతాయి, మొక్క పట్టుకోనక్కర్లేదు, మనం కడతాం కదా.

అర్ధరాత్రి_తోటమాలి
పద్నాలుగు మొక్కలకి వారానికి రెండుసార్లు కట్లు! ఆస్పత్రి వార్డు అనుకున్నారా?

పోటీపూలు
నావి అరవై మొక్కలు.

కుండీలరాజు
ఇక మాట్లాడను.

తీగలాగితే
పోటీపూలుగారి పద్ధతికి నాకు గౌరవమే, కానీ మామూలు తోటకి అది అక్కర్లేదు. పాత రకాలు ఆ చాకిరీ అడగవు. ఫ్రాన్సెస్కో కుపాని అనే సన్యాసి 1699లో సిసిలీ నుంచి ఇంగ్లండ్‌కి పంపిన గింజల పేరుతో ఇప్పటికీ 'కుపాని' రకం దొరుకుతుంది. చిన్న పువ్వు, ముదురు మెరూన్, ఊదా రంగులు. వాసన మాత్రం గది నిండుతుంది. పుల్లలూ దారాలూ ఇచ్చి వదిలేస్తే తనే ఎక్కుతుంది.

గడపదాటని_తోట
నాకు నేల లేదు, బాల్కనీలో ఒక్క కుండీ. అడుగు వెడల్పు, అడుగు లోతు. దీంట్లో ఏం కట్టను? బొంగు గుచ్చితే కుండీయే ఒరిగిపోతోంది.

కుండీలరాజు
ఇది నా సబ్జెక్టు, మాట వెనక్కి తీసుకుంటున్నా. కుండీలో పొడుగు రకం వేయకండి, రెండు మూడడుగుల పొట్టి రకాలుంటాయి, అవి వేయండి. దారప్పోగు చెప్పిన చీలికల పుల్లలు ఐదారు అంచు చుట్టూ గుచ్చి, మధ్యలో పురికొస రెండు చుట్లు తిప్పండి. పొడుగు రకమే కావాలంటే కుండీలో ఏదీ పాతకండి, బరువుకి కుండీ తిరగబడుతుంది. బాల్కనీ పై కడ్డీ నుంచి తాళ్ళు దించి కుండీ అంచుకి కట్టండి. బరువు కడ్డీ మీద పడుతుంది, కుండీ మీద కాదు. ఒక్క కుండీలో నాలుగు మొక్కలు మించొద్దు.

గడపదాటని_తోట
తొమ్మిది వేశాను.

కుండీలరాజు
మీది కూడా పండగ బస్సే.

పాతగునపం
ఒక మాట, కాయలు చూడ్డానికి బఠాణీలా ఉంటాయి, పేరులోనూ స్వీట్ ఉంది. తినేవి కావు, గింజలు విషం. ఊతం దగ్గర పిల్లలుంటే కాయలు కట్టకముందే పూలు కోసేయడానికి ఇంకో కారణం.

నీళ్ళుపోశానా
మొలకమ్మగారు ఏమయ్యారు? ఇంతమంది ఇన్ని చెప్పేసరికి పారిపోయినట్టున్నారు.

మొలకమ్మ
పారిపోలేదు, ముళ్ళు వేస్తున్నా. పది రోజుల సంగతి ఒకేసారి చెప్తాను. బొంగులు పీకలేదు. పైన కట్టు విప్పి కొసలు దూరం చేసి, విరిగిన జల్లెడ చట్రం ఒకటి ఉంటే దానికి కట్టాను. మా వాళ్ళు సైకిల్ ముట్టుకోనివ్వలేదు. చట్రానికి పైన నాలుగు పొడుగు వెదురు బద్దలు నిలబెట్టి కట్టాను, ఎత్తు ఆరడుగులకి వచ్చింది. కింది నుంచి పురికొస చుట్టడానికి ఒక సాయంత్రం మొత్తం పట్టింది, నడుం పోయింది. దారప్పోగుగారు చెప్పినట్టు కత్తెరతో విడదీసి పుల్లలు గుచ్చాను. రెండు కాడలు విరిగాయి. ఒకదానికి కింద కణుపు నుంచి కొత్త చిగురు వచ్చింది, ఇంకోటి పోయింది. మిగిలిన పదమూడింట్లో పదకొండు తాళ్ళు పట్టుకున్నాయి. రెండు మాత్రం మొండివి.

పాతగునపం
ఆ రెండూ ఏ వైపున్నాయి? లోపలి వైపుంటే చేత్తో బయటికి తీసి తాడుకి కట్టండి, ఒక్కసారి దారి చూపిస్తే చాలు. విరిగిన కాడకి పక్క చిగురు రావడం మంచిదే. రెండు మూడు జతల ఆకులప్పుడు మనమే కొస తుంచాలి, మీకు అది విరిగి జరిగింది.

మొలకమ్మ
లోపలి వైపే. తీసి కట్టాను. అసలు సంగతి ఇంకోటుంది. నిన్న రాలిన ఆకులు ఊడ్చి, చీపురు ఊతానికి ఆనించి మర్చిపోయా. పొద్దున్న తీయబోతే రావట్లేదు. ఆ మొండి రెండిట్లో ఒకటి నేను కట్టిన పురికొస పక్కనే ఉన్నా వదిలేసి, చీపురు పుల్లని మూడు చుట్లు చుట్టేసింది.

పురికొస_బాబాయి
పుల్ల లావు దానికి నచ్చింది. నా పురికొసకి అవమానం.

దారప్పోగు
పుల్లలే నయమని నేను అనలేదూ?

మొలకమ్మ
ఇప్పుడు చీపురు ఎలా తీయను? నులితీగ కత్తిరించనా?

అర్ధరాత్రి_తోటమాలి
పట్టక పట్టక పట్టింది. వదిలేసి ఇంకో చీపురు చూసుకోండి.